మా నాన్నగారికి ఏ జబ్బూ లేదు

రాజమండ్రిలో మా నాన్నగారు, ఆయన స్నేహితుడు కలిసి పెట్టిన లా ఆఫీసు చరిత్రను ఇప్పటి పార్ట్‌నర్లు ఫేస్‌బుక్‌లో పెట్టారు. పాత ఫొటోలో ఎర్ర టేపు కట్టిన కేసు కట్టలు చూడగానే మైదా జిగురు వాసన వచ్చినట్టయింది. ప్లీడర్ల ఇళ్ళల్లో పెరిగిన నా ఈడువాళ్ళకి ఆ వాసనా, దండెం మీద ఆరే నల్లకోటూ గుర్తుండే ఉంటాయి.

ఫొటో కింద మాత్రం, నాన్నగారు అనారోగ్యంతో తప్పుకున్నారని రాశారు. నేను చాలా చరిత్రలు చదివాను. ఇంత చవకబారు అబద్ధం చూడలేదు.

ఎవరు ముందు మెట్టెక్కితే వాళ్ళ వకాల్తా తీసుకోవడం ఆ ఆఫీసు పద్ధతి. ఓ ఆదివారం చేపలు పట్టుకునేవాళ్ళు వచ్చారు. చెరువులు తవ్వి తమ పడవల కాలువ మూసేశారని చెప్పి, వకాల్తా మీద వేలిముద్రలు వేశారు. కాసేపటికి ఆ చెరువుల ఆసామి కారు దిగాడు.

"ఆ కాగితం వాళ్ళకిచ్చేయండి. ఇంత పెద్ద పార్టీని వదులుకుంటామా ఏంటి?" అన్నాడు పార్ట్‌నరైన ఆ స్నేహితుడు.

"వేలిముద్రలు ఇంకా ఆరలేదండి," అంటూ నాన్నగారు ఆ వకాల్తాతో బయటికి నడిచారు. మళ్ళీ ఆ మెట్టెక్కలేదు.

ఇదంతా కామెంటులో రాశాను. ఆ పార్ట్‌నర్ మనవడు ఫోన్ చేశాడు.

"పాత గొడవలెందుకండీ బాబాయిగారూ, తీసెయ్యండి."

తీయలేదు. ఇంకో వాక్యం కలిపాను: "మీరు జబ్బుమనిషన్న ఆయన మర్నాడే ఎండలో సైకిలు తొక్కుకుంటూ కోర్టుకు వెళ్ళి, ఆ వకాల్తా దాఖలు చేశారు."