ఎర్ర పేలిక, నల్ల పేలిక

నేను పనిచేసే నర్సరీ చిరాగ్‌పల్లి దాటకముందే, హైవే పక్కన ఉంటుంది. లారీల దుమ్ము రోజూ ఆకుల మీద పడుతుంది. పొద్దున్నే మొదటి పని ఆ ఆకులు కడగడం. నేను చేరేనాటికి అక్కడ ఒక్కతే ఆడమనిషి ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. ఆమెది కోహీర్ దగ్గరి పల్లె. భర్త పోయాక నర్సరీలోనే, వెనక రేకుల గదిలో ఉండేది. కొమ్మ ముక్క కోసి, వేళ్లు పుట్టించే పొడిలో అద్ది, ఆమె మట్టిలో గుచ్చిందంటే అది ఎండిపోవడం అరుదు.

మందులు కలపడం ఆమె పని. నీళ్లు మోయడం, పంపు భుజానికి తగిలించుకుని కొట్టడం నా పని. పూలమొక్కలకు ముఖ్యంగా రెండు మందులు వాడేవాళ్లం. ఒకటి మొక్కను సాగదీస్తుంది. రెండోది ఎదగనీయకుండా ఆపి, కురచగా, గుబురుగా ఉంచుతుంది. కుండీ చామంతులకు ఆపే మందే కొట్టాలి. కొనేవాళ్లకు జానెడు ఎత్తు మొక్క మీద కుండీ నిండా పువ్వు కావాలి.

రెండూ తెల్లటి పొడులే. నర్సరీ సేటు వాటిని పెద్ద ప్యాకెట్లలోంచి ఒకే రకం డబ్బాల్లో పోసి, మూతల మీద కాగితం అంటించి ఏదో రాసేవాడు. అక్కకు చదువు రాదు. నాకూ రాదు. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

మా ఝరాసంగం పల్లెల్లో విత్తనాల కుండలకు గుడ్డపేలికలు కడతారు. జొన్నకు ఒక రంగు, కందికి ఒక రంగు. అక్క ఊళ్లోనూ అంతే. ఏది ఏ మందో సేటు నోటితో చెప్పగానే తన పాత చీరలు చింపి, సాగదీసే మందు డబ్బాకు ఎర్ర పేలిక, ఆపే మందు డబ్బాకు నల్ల పేలిక మూత మీదుగా కట్టింది. విత్తనాల కుండకు పేలిక మారినా భయం లేదు, చెయ్యి పెడితే జొన్నేదో కందేదో తెలుస్తుంది. ఈ పొడుల్లో చెయ్యి పెడితే ఏమీ తెలియదు. ఆ తేడా మాకు తట్టలేదు.

ఆ ఏడు వానలు తగ్గాక హైదరాబాదు నుంచి ఒక హోటలువాళ్లు చామంతి కుండీలు కావాలన్నారు. అంత పెద్ద బేరం నర్సరీకి అదే మొదలు. ఒకరోజు పంపు పైపు ఊడి, అరలో ఉన్న డబ్బాల మీద మందునీళ్లు చిందాయి. అక్క కుండీల దగ్గర ఉంది. నేను పేలికలు విప్పి, ఉతికి, తీగ మీద ఆరేశాను. డబ్బాలు తుడిచాను. తుడిచేటప్పుడు ఏది ఏ పక్కన పెట్టానో చూసుకోలేదు. పేలికలు ఆరాక రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత నాకు తోచినట్టు కట్టేశాను.

మర్నాడు మందు కలిపే ముందు అక్క ఆ పేలికలు ముట్టుకుని చూసింది. ఉతికినట్టున్నయ్ అంది. అవునన్నాను.

“సరిగ్గ కట్టినవా, చెల్లె?”

“సరిగ్గనే కట్టిన.”

అప్పుడే, తెలియదక్కా అని ఉంటే సేటును అడిగేవాళ్లం. చేరి మూడు నెలలు కాలేదు. ఒక్క పని కూడా తెలియదనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

రెండోసారి మందు కొట్టిన వారానికి చామంతులు లేచాయి. కాడలు సన్నగా, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మొగ్గలు తలలు వేలాడేశాయి. అక్క ఒక్కో కుండీ దగ్గర కూర్చుని కాడ పట్టుకుని చూస్తోంది. నేను మందుల గదిలోకి పోయి రెండు పేలికలూ విప్పి, మార్చి కట్టాను.

మధ్యాహ్నం సేటు వచ్చాడు. నేరుగా గదిలోకి పోయి డబ్బాలు తీసి, పేలికలు జరిపి మూతల మీద రాతలు చూశాడు. ఏ పేలిక ఏ మందుకని అక్కను అడిగాడు. రాతలూ పేలికలూ సరిపోయాయి. డబ్బాల్లో తప్పు లేదు కాబట్టి కలిపిన మనిషిలోనే తప్పని తేల్చాడు. అక్క ఎర్ర పేలికను కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది, తర్వాత నల్లదాన్ని.

“నీ నజర్ పోయింది. ఇగ ఇంట్ల కూసో” అన్నాడు సేటు.

నేను తలుపు దగ్గర ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాను. అక్క తన గది ఖాళీ చేస్తూ నాతో, నా కండ్లే మోసం చేసినయ్ చెల్లె, నువ్వు జర పైలంగ కలుపు అంది. మూటను షేర్ ఆటోలో పెట్టింది నేనే.

వాలిపోయిన చామంతులను గుంట తీసి పూడ్చాం. మందులు కలిపే పని నాకు వచ్చింది.

మళ్లీ డబ్బాలు మారతాయన్న భయంతోనే చదువుకు పోయాను. నేనప్పుడు ఉండే బస్తీలో ఆడవాళ్లకు ఆదివారాలు మధ్యాహ్నం చెప్పేవాళ్లు. కూడబలుక్కుని చదవడానికి ఏడాదిన్నర పట్టింది. ఒకరోజు మందుల గదిలో పేలికలు జరిపి మూతలు చదివాను. ఒకదాని మీద ‘పెంచేది’, ఇంకోదాని మీద ‘ఆపేది’ అని ఉంది. తెలుగులోనే, పెద్ద అక్షరాలతో. అవి మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి, మా పేలికల కింద.

చెప్పాలని చాలాసార్లు అనుకుని, మొన్న చలికాలంలో కోహీర్ ఆటో ఎక్కాను. అక్క తమ్ముడి ఇంట్లో, పశువుల కొట్టం పక్కన కూర్చుని చేటలో కందులు చెరుగుతోంది. కళ్లలో పొర కమ్మింది. గొంతు విని గుర్తుపట్టింది. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను, పేలికలు మార్చి కట్టిన సంగతితో సహా.

ఆమె చేట పక్కకు పెట్టింది.

“ఆ పొద్దు నేను అడిగిన గదా.”

“అడిగినవ్ అక్కా.”

“అయితే అప్పుడు నా కండ్లు మంచిగనే ఉండెనా?”

“మంచిగనే ఉండె.”

“వచ్చినకాన్నించి సూదిల దారం సుత ఎక్కియ్యలే నేను. కండ్లు పోయినయ్ గద అని, పెరట్ల ఒక్క కొమ్మ నాటలే” అంది. తర్వాత తనలో తాను అన్నట్టు, “ఇప్పుడైతే నిజంగనే కనిపిస్తలేదు” అంది.

నన్ను తిట్టమన్నాను. తిట్టలేదు. అప్పుడు చెప్తే నీ పని పోతుండె, ఇప్పుడు చెప్తే ఏం పోదు, అందుకే వచ్చినవ్ అంది. ఆ మాటలో కోపం కూడా లేదు. చేట ఒళ్లోకి లాక్కుని వేళ్లతో తడుముతూ రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. నేను లేచాను.

“నా గదిల ఇప్పుడు ఎవరుంటున్రు?” అని అడిగింది.

“నేనే” అన్నాను.