మోలువా మాట్లాడని మూడేళ్లు

మోలువా బాబాయికి పిల్లలు లేరు. లింబే ఊరి పక్కన రబ్బరు తోటలో పాలు గీసి బతికేవాడు. ఒకనాడు రోడ్డు వారన అడవి మాంసం అమ్మేచోట, చచ్చిన తల్లిని కరుచుకుని వదలని డ్రిల్ కోతిపిల్ల కనిపించింది. మా అడవుల్లోనూ అరుదైపోయిన నల్లమొహం కోతులవి. కూరకుండలోకి పోనివ్వక కొనితెచ్చి, ఎనంగా అని పేరు పెట్టుకున్నాడు.

నడుముకు తాడు కట్టి ఆరేళ్లు పెరట్లో పెంచాడు. బొప్పాయి గింజలు తీసి మరీ తినిపించేవాడు. “నాకెప్పుడైనా గింజలు తీసి పెట్టావా బొప్పాయి?” అని భార్య లిముంగా ఎత్తిపొడిచేది.

“నువ్వూ చెట్టెక్కి కూర్చో, పెడతాను” అనేవాడు.

నేను పనిచేసే కోతుల సంరక్షణ కేంద్రం వాళ్లు వెళ్లి ఎనంగాను తెచ్చేశారు. అప్పటికే తాడు ఒరుసుకుని దాని నడుము పుండయి ఉంది. బాబాయి జీపు వెనకే నడిచొచ్చి, ఏ పనైనా ఇమ్మన్నాడు. కోతుల తిండి తయారుచేసే వంటశాలలో పెట్టుకున్నాం.

“ఒక్క షరతు బాబాయ్. నీ గొంతు వింటే అది తన జాతిలో కలవదు. నువ్వు దానికి కనబడకూడదు, వినబడకూడదు.”

“దగ్గొస్తే?”

“గుడ్డ నోట్లో కుక్కుకో.”

నవ్వుతూ అన్నాను. ఆయన నిజంగానే కుక్కుకునేవాడు.

మూడేళ్లు కోతుల ఆవరణ చెక్కగోడకు ఇవతల అరటికాయలు కోశాడు. కేంద్రంలో అడుగుపెడితే పెదవి విప్పడు. చెక్కల సందులోంచి చూసేవాడు. ఎనంగా మందలో కలిసింది. పిల్లను కన్నది. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని ఊపాడే గాని మాట్లాడలేదు.

ఆ వానల్లో లిముంగా జ్వరంతో పోయింది. వారం తిరక్కుండా పనికొచ్చాడు. ఇంటికి పొమ్మంటే తల అడ్డంగా ఊపాడు. బొప్పాయి కోస్తూ కోస్తూ కత్తి పక్కన పెట్టి, “లిముంగా! నన్నెవరికి వదిలిపోయావే!” అని గొంతెత్తి ఏడ్చాడు. నేను ఆపలేదు. ఆపవలసింది.

ఎనంగా చెట్టు దిగి, పిల్లను పొట్టకు హత్తుకుని, పరుగున వచ్చి గోడను గీరింది. బాబాయి నోరు రెండు చేతులతో మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

నాలుగు రోజులు అది గోడ దగ్గరే కూర్చుంది. తినలేదు. ఎంత ప్రయత్నించినా మా చేతికి చిక్కలేదు. పాలు ఎండిపోయాయి. అయిదో రోజు చచ్చిన పిల్లను మోసుకు తిరగడం చూశాం.

“నా వల్లే కదమ్మా?” అన్నాడు బాబాయి.

“కాదు” అన్నాను. ఆయన నమ్మలేదు. మర్నాటి నుంచి పనికి రాలేదు.

రెండు వారాలకు ఎనంగా మళ్లీ మందలోకి వెళ్లింది. ఆ సంగతి చెబుదామని ఆయన ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి విన్నాడు.

“దాని ఒళ్లు ఎవరైనా దువ్వుతున్నారా?”

“ముసలి ఆడకోతి ఒకటి, రోజూ.”

“సరే. ఇంక దాని కబురు నాకు తేకు తల్లీ” అని తలుపు వేసుకున్నాడు.