చేయని తప్పుకు నేనిచ్చిన మాఫీ

ఈ మాట ఇన్నేళ్లుగా నా గుండెల మీద బండలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రఘునాథపల్లి దగ్గర మాకూ, మా తోటికోడలు యాదమ్మకూ ఒకే బావి, ఒకే మోటారు. నీళ్లు వంతులవారీగా పారించుకునేవాళ్లం. ఒక యాసంగి పంటకాలంలో, ఆమె వంతు రోజున, ఎవరూ చూడకుండా కాలువను మా మడికి మళ్లించాను. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడిచేలా స్టార్టర్‌ను ఆటోలో పెట్టి, ఏమీ ఎరగనట్టు చిల్పూర్ గుట్టకు దర్శనానికి పోయాను. ఆ రోజు కరెంటు తక్కువ వోల్టేజీతో వచ్చింది. దగ్గరుండి ఆపేవాళ్లు లేక మోటారు కాలిపోయింది. గుట్ట నుంచి తిరిగొచ్చి, అందరికంటే ముందు బావి దగ్గరికి చేరి కాలువ సరిచేసింది నేనే. యాదమ్మే ఆటోలో పెట్టి మరిచిపోయిందని అరిచిందీ నేనే.

ఎందుకు అరిచాను? భయమా? అరిచీ అరిచీ ఆమె మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. చేసింది నేనని తెలిసి కూడా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. రెండిళ్ల వరీ ఎండింది. మాటలు పెరిగి వాళ్లు టేకుమట్లకు, ఆమె పుట్టింటికి వెళ్లిపోయారు.

ఈమధ్య నిద్రపట్టక జనగామలో ధ్యానం క్లాసుకు పోతున్నాను. శ్వాసను గమనించండి, కోపం ఉన్నవాళ్లను క్షమించండి అంటారు. కళ్లు మూసుకోగానే యాదమ్మే కనిపించేది. క్షమించాను. నవ్వితే నవ్వండి, మనస్ఫూర్తిగానే క్షమించాను, కన్నీళ్లు కూడా వచ్చాయి. ఆ ఊపులోనే బస్సెక్కి టేకుమట్లకు పోయాను.

"యాదమ్మా, నీ మీద నా మనసుల ఇప్పుడు ఏం లేదే. అంతా మాఫ్," అన్నాను.

ఆమె నా చేతులు పట్టుకుంది. "ఎంత యాది చేసుకున్నా ఆ స్టార్టర్ ముట్టినట్టు గుర్తుకొస్తలేదక్కా. నువ్వు అంత గట్టిగ చెప్పినవంటే నేనే పెట్టిన్నేమో. గిన్నేండ్లు నన్ను నేనే తిట్టుకున్న. ఇప్పుడు మాఫ్ చేసినవు, గది చాలు."

ఆమె బొట్టు పెట్టి జాకెట్ గుడ్డ చేతిలో పెడితే, తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడు క్లాసులో కూర్చుంటే మనసు శ్వాస మీద నిలవడం లేదు. ఆమెను క్షమించినప్పుడు నాకు కలిగిన ప్రశాంతత అబద్ధమా? అబద్ధమైతే ఆ కన్నీళ్లు ఎక్కడివి? ఏమీ అర్థం కావడం లేదు. స్టార్టర్ ఆటోలో పెట్టింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. టేకుమట్లలో యాదమ్మ మాత్రం, నేను మాఫ్ చేశానని సంబరపడుతూ ఉంది.