‘లు’ తీసి ‘డు’ పెట్టారు

కర్నూలులో పదకొండేళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. జూనియర్ కాలేజీలో, ఇంటర్ పిల్లలకు. ఏటా అమెరికా స్వాతంత్ర్య పోరాటం దగ్గరికి వచ్చేసరికి బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసేదాన్ని. ఎడమ పక్క కారణాలు, కుడి పక్క ఫలితాలు. కారణాలు పిల్లలకు నోటికి వచ్చేవి. ఫలితాలు సగంలో ఉండగా గంట కొట్టేవాళ్ళు. నేనూ పెద్దగా బాధపడలేదు, పరీక్షలో ఎక్కువగా అడిగేది కారణాలే. ఆ మిగిలిన సగం పాఠం సింగపూర్ వచ్చాక నాకు వేరేవాళ్ళు చెప్పారు. చెప్పినవాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు.

మేముండేది జురాంగ్ వెస్ట్‌లో. మా పాప నేను తెలుగులో అడిగిందానికి ఇంగ్లీషులో జవాబివ్వడం మొదలుపెట్టిన ఏడాది, భయపడి ఆదివారం తెలుగు బడిలో చేర్చాను. టీచరునని తెలిసిన రెండో వారమే నా చేతికి మార్కరు పెన్నిచ్చారు. అక్కడ చెప్పేవాళ్ళం ఆరుగురం, ఆరుగురమూ తల్లులమే. బడి మాత్రం ఒక పెద్ద తెలుగు సంఘం కింద ఉండేది. ఏ పుస్తకం చెప్పాలి, ఏ పద్యం నేర్పాలి, ఏ పిల్ల స్టేజీ ఎక్కాలి, అన్నీ సంఘం పెద్దలు వాళ్ళలో వాళ్ళు తేల్చుకుని వాట్సాప్‌లో పంపేవాళ్ళు. మా తరగతి గది ఎలా ఉంటుందో కూడా వాళ్ళు చూడలేదు.

ఆ గది ఇప్పించింది పక్క బ్లాకులో ఉండే ఆంటీ. ఆమె ముత్తాత తెల్లవాళ్ళ కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోశాడట. ఆమె ఇక్కడే పుట్టి, ఒక స్కూలు క్యాంటీన్‌లో చాలా ఏళ్ళు పనిచేసి మానేసింది. తెలుగు చదవడం రాయడం రాదు. మాట్లాడే తెలుగులో సగం అరవం, అక్కడక్కడ మలయ్. కానీ బ్లాకు కింద గది కావాలంటే ఎవరిని అడగాలో, ఏ ఫారం నింపాలో ఆమెకే తెలుసు. ఆదివారం మాకన్నా ముందొచ్చి కుర్చీలు వేసేది. మొదటి అరగంట చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చెప్పేది. ఆమె కథల్లో రాజుగారు కూడా సింగపూర్‌వాళ్ళలా మాట చివర ‘లా’ తగిలించి ‘సరి లా’ అనేవాడు. నా వ్యాకరణం పిల్లలకు ఒక్క ముక్క ఎక్కేది కాదు గానీ ఆ కథలు ఇంటికెళ్ళి తెలుగులోనే చెప్పేవాళ్ళు.

ఇలా ఉండగా సంఘం నుంచి ఒక మెసేజ్ వచ్చింది. వచ్చే నెల నుంచి తెలుగు బడి హౌగాంగ్‌లో జరుగును, అని. హౌగాంగ్ అంటే మాకు ద్వీపం ఆ కొస. పిల్లల్ని వేసుకుని రెండు రైళ్ళు మారి, ఆపైన బస్సెక్కాలి. నిజం చెప్పాలంటే అక్కడి గది మా గదికన్నా పెద్దది, ఏసీ కూడా ఉంది. అయినా తల్లిదండ్రులందరూ ఒక్కసారిగా భగ్గుమన్నారు. అందరికన్నా ముందు లేచినవాడు బ్యాంకులో పనిచేసే ఒక వరంగల్ తమ్ముడు.

“అక్కా, మీరే రాయుండ్రి లెటర్. హిస్టరీ మేడం గదా, గట్టిగ రాయుండ్రి,” అన్నాడు.

గట్టిగానే రాశాను. రాసేముందు ఆ గదిలోనే, పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని కూర్చున్న పెద్దవాళ్ళకు అమెరికా పాఠం చెప్పాను. ఫ్రెంచివాళ్ళతో జరిగిన యుద్ధంలో ఇంగ్లండు అప్పులపాలైంది, ఆ బరువు తెచ్చి సముద్రానికి అవతలున్న వలసల మీద వేసింది. రాసుకునే కాగితానికి పన్ను, చదివే పత్రికకు పన్ను, తాగే టీకి పన్ను. ఆ మాటకొస్తే గొడవ ముదిరిన నాటికి టీ ధర తగ్గింది కూడా. అయినా వాళ్ళు టీ పెట్టెలు సముద్రంలో పారేశారు. ఎందుకు? పన్ను ఎంతన్నది కాదు వాళ్ళ కోపం, తమ తరఫున ఒక్క మనిషైనా కూర్చోని సభ తమ మీద పన్ను వేయడం. మనకూ అంతే, హౌగాంగ్ దూరం కాదు అసలు సంగతి, మనల్ని అడక్కపోవడం అసలు సంగతి, అన్నాను. చప్పట్లు కొట్టారు. నాకు కాలేజీలో కూడా అన్ని చప్పట్లు పడలేదు.

అక్కడ ఆడవాళ్ళు టీ మానేసి, ఇంగ్లండు బట్ట మానేసి, ఇళ్ళలో కూర్చుని నూలు వడికారు. ఇక్కడ మేం ఆరుగురమూ సంఘం పుస్తకాలు పక్కన పెట్టి, చేత్తో పాఠాలు రాశాం. అ నుంచి ఱ వరకు బొమ్మలు మేమే వేశాం. సంఘం పండగ సభకు పిల్లల్ని పంపడం మానేశాం. ఆంటీ తనకు తెలిసినవాళ్ళను పట్టుకుని గది మా చేతిలోనే ఉండేలా చూసింది. కొన్ని వారాలు మెసేజులు వేడివేడిగా నడిచాయి. చివరికి సంఘంవాళ్ళు, మీ బడి మీరే నడుపుకోండి, అని వదిలేశారు. ఆ రోజు ఆంటీ సేమ్యా పాయసం చేసి తెచ్చింది. బ్యాంకు తమ్ముడు నన్ను ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. జీవితంలో మొదటిసారి చరిత్ర చెప్పడం కాదు, చేశాననిపించింది. అంత పిచ్చిదాన్ని.

కొత్త బడికి నియమాలు కావాలన్నారు. తెలుగులో నేనే చిత్తుప్రతి రాసిచ్చాను. అందులో, సభ్యులకు ఓటు ఉంటుంది, అని రాశాను. ముగ్గురు మగవాళ్ళు, టైపు చేసి తెస్తాం, అని తీసుకెళ్ళారు. బ్యాంకు తమ్ముడు, ఇంకొకాయన, మా ఆయన.

మొదటి సమావేశం ఒక ఆదివారం మధ్యాహ్నం, తరగతులు అయ్యాక. అచ్చు వేసిన కాగితాలు పంచారు. మూడో నియమం దగ్గర ఆగాను. ‘సభ్యుడికి ఓటు ఉంటుంది’ అని ఉంది. తెలుగు టైపింగ్ సంగతి తెలిసిందే కదా, వేలు జారి ఉంటుందనుకున్నాను. పెన్ను తీసి సరిదిద్దుతూ, “ఇక్కడ ‘లు’ బదులు ‘డు’ పడింది, సభ్యులకు అని ఉండాలి,” అన్నాను.

“తప్పు కాదక్కా,” అన్నాడు బ్యాంకు తమ్ముడు, చాలా మర్యాదగా. “ఇంటికొక్క ఓటు. ఇద్దరిద్దరికి ఇస్తే ప్రతిదానికి కొట్లాట అయితది. ఇంట్ల మాట్లాడుకొనే వస్తరు గదా.”

కింద సభ్యుల పేర్లున్నాయి. నా పేరు కోసం వెతికాను. మా ఇంటి వరసలో మా ఆయన పేరుంది. పైనుంచి కిందికి ఒక్క ఆడపేరు లేదు. ఏ పాఠం చెప్పాలో, ఎవరు చెప్పాలో ఇకనుంచి ఆ పేర్లవాళ్ళు ఓటేసి తేలుస్తారు. పాఠం చెప్పే ఆరుగురికీ అందులో నోరు లేదు. మిగతా ఐదుగురి వైపు చూశాను. ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. పక్కనున్నావిడ నా మోచెయ్యి నొక్కి, “పోనీలెండి మేడం, మీ ఆయన మంచోరే కదండీ,” అంది. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నారు. మా ఆయన చెయ్యి లేచింది. సగం కూడా కాదు, నిటారుగా లేచింది.

కర్నూలులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. మనుషులందరూ సమానులుగా పుట్టారని అమెరికావాళ్ళు ప్రకటించారని నోట్సు చెబుతుంటే, “మేడం, అందులో ఆడోళ్ళు కూడా వస్తారా?” అంది. మనుషులంటే అందరూ వస్తారు, రాసుకో, అన్నాను. గంట కొట్టే టైమైంది మరి. నిజానికి ఆ ఇంగ్లీషు మాటకు మనుషులనీ అర్థం చెప్పొచ్చు, మగవాళ్ళనీ చెప్పొచ్చు. యుద్ధమప్పుడు మొదటి అర్థం పనికొచ్చింది, గెలిచాక రెండోది. పెళ్ళైన ఆడదానికి అక్కడి చట్టంలో విడిగా ఉనికే లేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక మనిషి, ఆ ఒక్క మనిషీ భర్త. నూలు వడికినవాళ్ళు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయారు. అది చదివాను, పరీక్ష రాశాను, పదకొండేళ్ళు జీతం తీసుకుని చెప్పాను. నాకు జరుగుతున్నప్పుడు మాత్రం అచ్చుతప్పనుకుని పెన్ను తీశాను.

అక్కణ్ణుంచి తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటరుకు వెళ్ళాం. పాప ఆకలంది. మా ఆయన ఒక టేబులు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసి, అంటే చోటు మాదని గుర్తు పెట్టి, నూడుల్స్ తేవడానికి వెళ్ళాడు. ఎంత జనమున్నా ఆ టేబులు దగ్గరికి ఒక్కరూ రాలేదు. ఈ ఊళ్ళో టిష్యూ ప్యాకెట్టును కూడా మనిషి కిందే లెక్క వేస్తారు. నా ఒళ్ళు మండిపోయింది.

“నీకు ముందే తెల్సా?” అని అడిగాను, ఆయన వచ్చి కూర్చున్నాక.

“ఏముందే దాంట్లో. మన ఇంటి ఓటే గదా. నేనేస్తే నువ్వేసినట్ల కాదా?”

“ఎప్పట్నుంచి తెల్సు?”

“పదైదు దినాలయింది. నీకు చెప్తే గలాటా చేస్తావని చెప్పలేదు. స్మూత్‌గా పోనీలే అనుకుంటి.”

పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులూ నేను రోజూ పొద్దున్నే లేచి, ఆయనకు డబ్బా కట్టి, కొత్త బడి గురించి ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు. ఓటు పోయినందుకన్నా ఆ ఊ కొట్టడం నన్ను ఎక్కువ కోసింది. బయటివాళ్ళు కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారంటే అర్థముంది. ఈయన నా పక్కన కూర్చుని తీసి పెట్టాడు.

“డాడీ, యూ డింట్ ఈవెన్ ఆస్క్ హర్ లా,” అంది పాప, నూడుల్స్ మీద నుంచి తలెత్తకుండా. ఆయన నవ్వి, పాప గిన్నెలో ఇంకొన్ని నూడుల్స్ వేశాడు.

మూడు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే మాట్లాడాను. బుధవారం పొద్దున ఇక ఉండలేక ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది.

“రా పాపా. మాకన్ అయిందా?” అంది. తినలేదని నా మొహమే చెప్పిందేమో, రొట్టె కాల్చి పెట్టింది. జరిగిందంతా చెప్పాను. మా ఆయన సంగతి చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వెన్నుపోటు ఆంటీ, అన్నాను. నేను రాసిందేమిటి, వాళ్ళు చేసిందేమిటి, అన్నాను.

“నువ్వు రాసిందేటి? నాకు సదవడం రాదు గదా. సదువు, వింతాను.”

చిత్తుప్రతి నా బ్యాగులోనే ఉంది. ఈ మూడు రోజులూ దాన్ని సాక్ష్యంలా మోసుకు తిరుగుతున్నాను. తీసి గట్టిగా చదివాను. ఒకటో నియమం, బడి ఎవరి కిందా ఉండదు. ఆమె తలూపింది. రెండో నియమం, బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులే సభ్యులు. మూడో నియమం, సభ్యులకు...

కాగితం దించాను. ఆంటీకి బడిలో పిల్లల్లేరు. అసలు ఆమెకు పిల్లలే లేరు.

కత్తి పక్కన పెట్టింది. “అది రాసిన దినం నువ్వు ఇక్కడే కూకున్నావు గాదా? ఈ బల్ల దగ్గరే. నాను టీ పెట్టి ఇచ్చినాను.”

అవును. ఫ్లాట్‌లో పాప అల్లరి చేస్తోందని కాగితాలు పట్టుకుని ఇక్కడికొచ్చి రాశాను. ఆమె రెండుసార్లు టీ ఇచ్చింది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద గ్లాసు పెట్టింది.

“మర్చిపోయాను ఆంటీ,” అన్నాను.

“మరుపు కాదులే పాపా. పిల్లలు, తల్లులు, తండ్రులు అందరూ గ్యాపకం ఉన్నారు గదా నీకు. సంగం పెద్దోలు గది లాక్కుంతామంటే నాను ఎంతమంది కాల్లట్టుకున్నానో, అదీ గ్యాపకం ఉంది. నన్ను లెక్కెట్టలేదు, అంతే.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఇంగ్లండు రాజు మమ్మల్ని బానిసలుగా చూస్తున్నాడని కాగితాల మీద కాగితాలు రాసిన ఆ పెద్దమనుషుల ఇళ్ళలో, సిరాబుడ్డి అందించినవాళ్ళు నిజంగానే బానిసలు. ఆ బానిసల్లో కొందరు, స్వేచ్ఛ ఇస్తారని నమ్మి, యుద్ధంలో తుపాకీ కూడా పట్టారు. యుద్ధం అయ్యాక చాలామంది మళ్ళీ అదే పొలంలో తేలారు. ఇది కూడా గీతకు కుడిపక్కదే. ఏడ్చుకుంటూ వచ్చినదాన్ని, ఏ మొహం పెట్టుకుని ఏడవాలో తెలియలేదు.

రొట్టె ముక్క పక్కన పెట్టాను. “ఈ ఆదివారం మీటింగ్ ఉంది. మీరూ నాతో రండి ఆంటీ. ఇద్దరం కలిసి అడుగుదాం.”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. “సరి, వస్తాను. ఒక్కటి సెప్పు. ఇద్దరికీ ఇవ్వం, ఒకలికే ఇస్తామంటే, ఎవలిది అడుగుతావు?”

జవాబు వెంటనే రావాల్సింది. నేను ఆలోచించాను. ఆలోచించడం ఆమె చూసింది.