నూనె డబ్బా నలిగిన రోజు

ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు. నేను ఫిజిక్స్ చెప్పేదంతా ఆ పద్ధతిలోనే. బోర్డు మీదికి సూత్రం రాకముందే బల్ల మీదికి వస్తువు రావాలి. బంగారు గనుల ఊరు ఊరిగాంలోని మా కాలేజీలో తోటి లెక్చరర్లు నన్ను వెనకాల గారడీ మేడం అంటారు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు, నా నోరు అలాంటిది.

ఆ రోజు గారడీ ఒక అవ్వ కోసం. నా క్లాసులో రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, చదివే ఆమె మనవరాలు బీఎస్సీ ఫిజిక్స్ చేస్తానంటుంది. అవ్వేమో పరీక్షలు కాగానే పనికి వేమగల్ ఫ్యాక్టరీ బస్సు ఎక్కిస్తానంటుంది. ఇంట్లో చెల్లేది అవ్వ మాటే. "ఒక్కసారి పిలుచుకొని రా, నేను చూసుకుంటాను" అన్నాను పిల్లతో. కళ్ళతో చూశాక కూడా ఒప్పుకోని మనిషి నాకింతవరకు తగల్లేదు.

అవ్వ వచ్చి మొదటి బెంచీ చివర కూర్చుంది. "యాడుండాదమ్మా ఆ ఫిజిక్సు? కానీయ్, చూస్తాం" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఖాళీ నూనె డబ్బాలో కాసిని నీళ్ళు పోసి గ్యాస్ స్టవ్ మీద పెట్టాను. నీళ్ళు మరిగి ఆవిరి బుసబుసమని బయటికి తన్నాక, డబ్బా దించి మూత గట్టిగా బిగించి, పైన చన్నీళ్ళు కుమ్మరించాను. డబ్బా ఢమ్మని లోపలికి నలిగిపోయింది. పిల్లలు కేకలేసి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకు నేను ఉబ్బిపోతూ ఉండగానే అవ్వ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. నా వైపు చూడలేదు. మండుతున్న స్టవ్ ఆర్పేసింది. చెప్పులు బెంచీ కిందే వదిలేసి, కొంగు నడుముకు దోపుకొని, గబగబా బయటికి వెళ్ళిపోయింది.

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "మా అవ్వ గని షాఫ్ట్ కాడికి పోతా ఉండాది మేడం!" అని ఏడుపు గొంతుతో పిల్ల వెనకే పరుగెత్తింది. అప్పుడు అర్థమైంది నాకు.

గని నడిచే కాలంలో, లోపల తవ్వి ఖాళీ చేసిన చోట రాయి పైబరువుకు పగిలితే పైన ఇళ్ళు అదిరేవి. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్ళు ముందు పొయ్యి ఆర్పేవాళ్ళు, తర్వాత గని గేటుకు పరుగెత్తేవాళ్ళు. ఇంటి మనిషి పైకి వచ్చాకే మళ్ళీ పొయ్యి ముట్టించడం. రాబర్ట్‌సన్‌పేటలో గుమాస్తాల ఇంట పుట్టిన నేను ఇదంతా వినడమే. గని మూతబడిన ఇన్నేళ్ళకు నా క్లాసులో, నా స్టవ్ మీద చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

నేనూ పిల్ల వెనకే పరుగెత్తి గని దగ్గరికి చేరేసరికి అవ్వ తుప్పు పట్టిన గేటు కమ్మీలు పట్టుకొని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి తేరుకుంది.

"ఏందో అమ్మా, కాళ్ళే ఇట్ల వచ్చేసినాయి" అంది సిగ్గుపడుతూ. తర్వాత మనవరాలి వైపు తిరిగి, "ఆ పొద్దు మీ తాత రాలేదు. పొయ్యి ముట్టీలేదు నేను" అంది.

ఇంక పిల్ల చదువు అయిపోయినట్టే అనుకున్నాను. ఒప్పించబోయి పాత పుండు రేపి పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆ డబ్బాని ఎవురూ తాకలేదే. ఎట్ల నలిగింది?" అనడిగింది అవ్వ.

"లోపల నిలబెట్టేది పోయిందవ్వా. ఆవిరి చల్లారి నీళ్ళైపోయింది. బయట గాలి ఎప్పుడూ నొక్కుతానే ఉంటుంది. లోపల ఆనిక లేకపోతే నలిగిపోతుంది."

"రాయి కూడా అంతేనా?"

"ఇంచుమించు అంతే."

అవ్వ గేటు లోపలికి చూసింది. "దేవుడు పిలుచుకున్నాడని చెప్పి ఇంటికి పంపించేసినారు మమ్మల్ని" అంది. "ఎట్ల నలిగిందో ఒగరూ చెప్పలేదు."

క్లాసుకు తిరిగొచ్చేసరికి పిల్లలు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. అవ్వ నేరుగా బల్ల దగ్గరికి పోయి నన్నడిగింది, "ఇంగో డబ్బా ఉండాదా అమ్మా?" ఉందన్నాను. అవ్వ బల్ల మీది అగ్గిపెట్టె తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

"ఫ్యాక్టరీ బస్సు ఎవురైనా ఎక్కుతారు. ఇది చెప్పేది మా ఇంట్లో ఒగరుండనీ" అంది. "ముట్టీ మే. నువ్వు చెప్పు, నేను వింటాను."