ఆకు కింద ముగ్గులు

2023లో నేను సింగపూర్‌లో, బూన్ లే దగ్గర, మొక్కల తెగుళ్లను గుర్తించే ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నర్సరీలవాళ్లు పురుగు పట్టిన ఆకుల్ని సంచుల్లో పంపితే, అది ఏ పురుగో తేల్చి చెప్పడం నా పని. నా వాటాకి వచ్చినవి వైట్‌ఫ్లైలు. మన రైతులు తెల్లదోమ అంటారు గానీ ఇది దోమ కాదు, పేనుబంకకీ పిండినల్లికీ దగ్గర చుట్టం. ఆకు అడుగున కూర్చుని రసం పీలుస్తుంది.

ఒక శనివారం చోవా చూ కాంగ్ నుంచి అప్పలమ్మ ఆంటీ ఫోన్ చేసింది. ఆవిడ మలేసియాలో పుట్టి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగావిడ. ఉగాది భోజనాల దగ్గర నాకు పరిచయం. మాట చివర ఇక్కడివాళ్లలాగే 'లా' తగిలిస్తుంది.

"అమ్మాయ్, నువ్వు పురుగుల డాక్టరువి గదా! పై ఇంటి లిమ్ నా జామమొక్కకి పురుగు తోలీసినాడు. అది ఆడి పురుగేనని నువ్వు రాసియ్యాల!"

సాయంత్రం వెళ్లాను. ఆవిడ ఫ్లాట్ ముందు కారిడార్‌లో పెద్ద కుండీలో జామమొక్క ఉంది. మలేసియాలోని పేరాక్‌లో వాళ్లమ్మ పెంచిన చెట్టు నుంచి అంటు కట్టి తెచ్చుకున్నది. రోడ్డు వేయడానికి ఆ చెట్టు కొట్టేశారట. ఇక మిగిలింది ఈ కొమ్మే. ఆకు తిప్పి చూస్తే తెల్లటి మైనంతో గీసిన సుళ్లు. పై అంతస్తు నుంచి లిమ్ అంకుల్ మందార కొమ్మలు కిందికి వేలాడుతున్నాయి. వాటి కింద వెదురు కర్రల మీద ఆంటీ చీరలు ఆరుతున్నాయి.

"ముట్టుకుని సూడు, జిగురు! కావాలని పంచదార నీల్లు పోత్తన్నాడు."

"పంచదార నీళ్లు కాదు ఆంటీ. దీన్ని హనీడ్యూ అంటాం. పురుగు తాగిన రసంలో ఎక్కువైన తీపిని వెనకనుంచి వదిలేస్తుంది."

ఆంటీ కట్టుకున్న చీర కొంగుని ఒంటికి దూరంగా పట్టుకుంది. "ఎనకాతల నుంచా? దీంతోనే పొద్దున్న కోవిల్‌కెల్లొచ్చినాను!"

"తెల్లదోమ అంటే అంతే ఆంటీ."

"దోమా? మెల్లిగా లా! దోమలున్నాయంటే ఫైన్ ఏసేత్తారు!"

ఇంట్లో దోమలు పెరిగితే జరిమానా వేసే ఊరు ఇది. ఇది ఆ దోమ కాదని నమ్మించేసరికి టీ చల్లారిపోయింది.

తర్వాత పైకి వెళ్లాను. లిమ్ అంకుల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఏళ్ల తరబడి ఆంటీ చేపల పులుసు తిన్నవాడే. ఇప్పుడు లిఫ్ట్‌లో ఆవిడ ఉంటే మెట్లెక్కుతున్నాడు. మందార ఆకు తిప్పి నా మొహం ముందు పెట్టాడు.

"ఎవ్రీ మార్నింగ్ షీ డ్రా డ్రా డ్రా అట్ ది డోర్, వైట్ పౌడర్. నౌ మై లీఫ్ ఆల్సో హ్యావ్. వాట్ మ్యాజిక్ ఈజ్ దిస్?"

గుమ్మంలో ముగ్గు వేసే చెయ్యే తన ఆకుల కింద మంత్రాలు గీస్తోందని ఆయన అనుమానం. అప్పటికే ఫ్లాట్ల నిర్వహణ చూసే ఎస్టేట్ ఆఫీసుకి ఫిర్యాదు చేశాడు. వాళ్లు మనిషిని పంపుతామన్నారు. పురుగు పట్టిన కుండీలు ఎవరివైనా తీసేస్తారు. ఆ మాట కిందికొచ్చి చెప్పాక ఆంటీ ముగ్గు సంగతికి కోపగించుకుంది. "నా మోకాల్లకి నేల మీదే ఒంగలేకపోతన్నాను, ఆకు కింద ముగ్గేత్తానా?" తర్వాత జామమొక్క వైపు చూసి, కుండీ అంచు గట్టిగా పట్టుకుంది. నాకు నవ్వు ఆగిపోయింది.

రెండు ఇళ్ల ఆకులూ ల్యాబ్‌కి తెచ్చాను. ఎదిగిన వైట్‌ఫ్లైలు చాలావరకు ఒకేలా కనబడతాయి. జాతిని తేల్చేది ప్యూపేరియం, అంటే రెక్కలు రాకముందు పిల్లపురుగు ఉండే డొల్ల. దాన్ని క్షారంలో మరిగించి, మైనం వదిలించి, స్లైడ్ మీద పరిచి, దాని మీది రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. రెండూ ఒకటే జాతి, స్పైరలింగ్ వైట్‌ఫ్లై. గుడ్లు పెడుతూ అది గీసే మైనపు సుళ్లే అంకుల్ చూసిన ముగ్గు. పుట్టిల్లు కరీబియన్ దీవులు, మధ్య అమెరికా. నర్సరీ మొక్కలతో పాటు ప్రపంచమంతా తిరిగింది. జామ, మందార, మిరప, అరటి, బొప్పాయి, ఏదైనా దానికి భోజనమే. వాళ్ల బ్లాక్ కింద దేవగన్నేరు చెట్టుకీ ఉంది.

ఆంటీ పైకి వెళ్లనంది, అంకుల్ కిందికి రానన్నాడు. చివరికి ఇద్దర్నీ గ్రౌండ్ ఫ్లోర్‌లో రాతిబల్ల దగ్గర కూర్చోబెట్టాను. చెరో చివర, చెరో వైపు తిరిగి కూర్చున్నారు. పురుగు పుట్టిల్లు ఎక్కడో చెప్పాను.

"నో పాస్, నో పీఆర్, కెన్ స్టే సో లాంగ్ ఆ?" అన్నాడు అంకుల్. ఇక్కడ ఉండి పనిచేయడానికి పాస్ కావాలి, స్థిరపడడానికి పీఆర్. నా వర్క్ పాస్ రెన్యువల్‌కి వెళ్లి ఉంది, అందుకని నేను నవ్వలేదు.

"అదంతా సరే. ముందొచ్చింది ఎవరింటికి?" అంది ఆంటీ.

"అది స్లైడ్ చెప్పదు ఆంటీ."

అంకుల్ నావైపు జాలిగా చూశాడు. "సో మెనీ ఇయర్స్ స్టడీ, దిస్ ఆల్సో డోంట్ నో."

"కరెక్ట్ లా!" అంది ఆంటీ. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒక మాట మీదకి వచ్చారు, నన్ను అనడానికి.

అప్పుడు రెండో సంగతి చెప్పాను. వైట్‌ఫ్లై డొల్లను T ఆకారంలో చీల్చుకుని బయటికొస్తుంది. అంకుల్ ఆకుల మీద అన్నీ అలాంటి చీలికలే. ఆంటీ ఆకుల మీద చాలా డొల్లలకి గుండ్రటి చిల్లులున్నాయి. అవి ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగవి. అది పిల్లపురుగులో గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డులోంచి వచ్చిన కందిరీగ పిల్ల తెల్లదోమ పిల్లని లోపలినుంచే తినేసి, గుండ్రంగా కొరుక్కుని బయటికొస్తుంది. జామకాయలు తినేవి కాబట్టి ఆంటీ ఏ మందూ కొట్టలేదు. అంకుల్ రోజూ బొద్దింకల స్ప్రే కొడుతున్నాడు. మైనం కింది పురుగు బతికిపోతోంది, కందిరీగ చచ్చిపోతోంది.

"స్ప్రే మానేసి, చిల్లులింకా పడని ఆంటీ ఆకులు కొన్ని మీ మందారకి కట్టండి. లోపలున్న కందిరీగలు అక్కడ బయటికొస్తాయి."

"హర్ ఇన్సెక్ట్, ఐ హ్యాంగ్ ఆన్ మై ఫ్లవర్?" అంకుల్ లేచి నిలబడ్డాడు.

"నా కందిరీగలు ఆడికెందుకియ్యాల?" ఆంటీ కూడా లేచింది.

"జిగురు పడేది మీ చీరల మీదే కదా ఆంటీ."

ఆవిడ కొంగు చూసుకుని, మళ్లీ కూర్చుంది.

నేను ఎస్టేట్ ఆఫీసుకి రిపోర్ట్ రాసి కొంత గడువు అడిగాను. ఇచ్చారు. ఆంటీ కోసిచ్చిన ఆకుల్ని అంకుల్ ముక్కు చిట్లించుకుంటూ రబ్బరు బ్యాండ్లతో మందార కొమ్మలకి కట్టాడు. కొన్ని వారాలు నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. పుస్తకంలో పనిచేసింది కారిడార్‌లో పనిచేస్తుందని హామీ ఏమీ లేదు. ఆ జామమొక్క పోతే మళ్లీ తేవడానికి చెట్టు లేదు. ఒకరోజు అంకుల్ వాట్సాప్‌లో మసకమసకగా ఒక ఫోటో పంపాడు. పెద్దది చేసి చూస్తే గుండ్రటి చిల్లులు! నేను ల్యాబ్‌లోనే అరిచాను.

ఆఫీసు మనిషి తనిఖీకి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. మందారకి వేలాడుతున్న ఎండుటాకులు చూసి అవేంటని అడిగాడు. "హర్ వాస్ప్. వెరీ హార్డ్‌వర్కింగ్," అన్నాడు అంకుల్, తన కొడుక్కి ప్రమోషన్ వచ్చినట్టు. కుండీలు మిగిలాయి. ఆ సాయంత్రం చేపల పులుసు పై అంతస్తుకి వెళ్లింది.

అంతకుముందు నా రిపోర్టులో పురుగు పేరు, అది తినే మొక్కలు, పుట్టిన దేశం ఉండేవి. అవి తప్పు కాదు గానీ, వాటితో ఆ ఇద్దరికీ ఒరిగిందేమీ లేదు. పురుగుతో పాటు ఆ ఆకు మీద ఇంకెవరు బతుకుతున్నారో చూశాకే పని జరిగింది. ఇప్పుడు ఎవరు ఆకులు తెచ్చినా ముందు ఏ స్ప్రే కొడుతున్నారని అడుగుతాను. తర్వాత, కొంచెం మొహమాటంగా, పై ఇంటివాళ్లతో మాటలున్నాయా అని అడుగుతాను.