పళ్ళెం కింద తడి తువ్వాలు

ముప్పై రెండేళ్ళు నేను బస్సు కండక్టరుగా పనిచేశాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం. ఆ దారిలో ఏ గుంత ఎక్కడుందో నా నడుముకు తెలుసు. అన్నేళ్ళలో ఎక్కిన ఊళ్ళోనే దిగడానికి ఒక్క టికెట్టు కూడా నేను కొట్టలేదు. ఎవడైనా వచ్చి, "మదనపల్లెలో ఎక్కి మళ్ళా మదనపల్లెలోనే దిగుతానప్పా, ఒగ టికెట్టియ్యి" అని అడిగుంటే, వాడికి తిక్క కుదిర్చి బస్సు దింపేసేవాణ్ణి. అలాంటి నేను, రిటైరైన ఏడాది తిరగకుండానే, చెన్నైలో ఎక్కి చెన్నైలో దిగడానికి మూడు ఓడ టికెట్లు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి మా మామకు, ఒకటి మా అత్తకు.

దీనికంతా కారణం మా మామ. మా అమ్మకు తమ్ముడు. పుంగనూరు పక్క పల్లెలో సేద్యం. ఒకప్పుడు చెనిక్కాయలు వేసేవాడు, ఇప్పుడు టమోటాలు. వయసు డెబ్బై ఆరు. పెళ్ళయిన ఏడాదికే ఆయన కుప్పంలో రైలెక్కి మద్రాసు పోయి, అక్కడ ప్రయాణికుల ఓడలో వంటింటి పనికి చేరాడు. మధ్యలో రెండుసార్లు వచ్చి పది రోజులు ఉండి పోయాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఒకనాడు రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని శాశ్వతంగా దిగబడ్డాడు. ఆ ఎనిమిదేళ్ళూ తాను ఉర్లగడ్డలు ఒలిచానని ఆయనే చెప్తాడు. బంగాళాదుంపలను మావైపు అట్లాగే అంటాం.

ఉర్లగడ్డల సంగతి ఒక్క నిమిషంలో ముగించి, మిగతా కాలమంతా ఓడలోని దొరల సంగతులు చెప్పేవాడు. పై తరగతి వాళ్ళు రాత్రి భోజనానికి కోటు లేకుండా వచ్చేవాళ్ళు కారట. ఎవరి బల్ల వాళ్ళది, ఎవరి కుర్చీ వాళ్ళది, మద్రాసు నుంచి పినాంగు దాకా మారేది లేదట. పగలంతా పైన వరసగా కుర్చీలు వేసుకుని, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, సముద్రాన్ని చూస్తూ ఊరికే కూర్చునేవాళ్ళట. కెప్టెన్ వాళ్ళ మధ్య కూర్చుని తినేవాడట. ఓడ కదిలేటప్పుడు రంగు కాగితాల చుట్టలు విసిరితే, ఒక కొస ఓడలో ఉన్నవాడి చేతిలో, ఇంకో కొస ఒడ్డున ఉన్నవాడి చేతిలో ఉండి, ఓడ జరిగేకొద్దీ సాగి సాగి తెగిపోయేవట. చిన్నప్పుడు నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు మాత్రం, "కోతలు కోయడానికి కొడవలి కూడా పన్లేదు మీ మామకు" అని నవ్వేవాళ్ళు.

అత్త నవ్వేది కాదు. ఆమె ఒక్క ముక్క కూడా నమ్మలేదు. ఆధారం చూపించమంటే మామ దగ్గర ఏముంది? ఓడ కాగితాలు చెదలు తినేశాయి. ఫోటో ఒక్కటీ లేదు. ఓడ నుంచి ఆయన వెంట వచ్చింది ఒకే ఒక అలవాటు. అన్నానికి కూర్చునే ముందు భుజం మీది తువ్వాలు తడిపి, పిండి, నేల మీద పరిచి, దాని మీద పళ్ళెం పెట్టుకుంటాడు. ఓడ ఊగినా పళ్ళెం జారకుండా అక్కడ అట్లాగే చేసేవాళ్ళట. అత్త ప్రతిసారీ ఆ తువ్వాలు లాగి అవతల పారేసేది. "ఈడ సముద్రం యాడుండాది?" అనేది. ఆయన మరునాడు మళ్ళీ పరిచేవాడు. నలభై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో రోజుకు రెండు పూటలా ఇదే తంతు.

అత్త అనుమానం వేరే. ఆ మాట ఆమె మామతో ఎన్నడూ అనలేదు. మా అమ్మతో మాత్రం ఒకసారి, చెనిక్కాయలు ఒలుస్తూ అన్నదట. "ఓడా లేదు, గీడా లేదు వదినా. మద్రాసులో ఇంగో సంసారం ఉండాది. ఆడ చెడినాక ఈడికొచ్చినాడు." మా అమ్మ పోయే ముందు ఆ సంగతి నాకు చెప్పి, నీ కడుపులో పెట్టుకో అంది. పెట్టుకున్నాను. అది తెలిశాక ఆ తువ్వాలు చూస్తే నవ్వు రావడం మానేసింది.

పోయిన చలికాలంలో మామ పొద్దున మొదటి బస్సుకే మదనపల్లెలో మా ఇంటికొచ్చాడు. చేతిలో పేపరు. ఓడలో రెండు రాత్రులు, మూడు పగళ్ళ విహారం అని రంగుల ప్రకటన.

"రిటైరైతివి గదా, కాశీకి పోతావా, దీనికి పోదామా" అన్నాడు.

"ఈ వయసులో ఓడ చూసి ఏం చేస్తావు మామా?"

"నేను సూసేదేముందప్పా. మీ అత్తకు సూపియ్యాల. నా మాట నిజమని సచ్చేలోగా ఒగసారన్నా ఆమె నోట వినాల."

మరునాడే టికెట్లు కొనడానికి పోయాను.

టికెట్లు అమ్మే ఆయనతో నాకు చిన్న గొడవ జరిగింది. ఈ ఓడ ఏ ఊరికి పోతుందని అడిగాను. ఏ ఊరికీ పోదు సార్, సముద్రంలో తిరిగి వచ్చేస్తుంది అన్నాడు. నడిమధ్య స్టాపులేవీ అంటే లేవన్నాడు. "ఊరికే పోయి ఊరికే వచ్చేదానికి గానుగెద్దు చాలదా, ఓడెందుకు?" అని అరిచాను. ఇప్పుడందరూ దానికే పోతున్నారు సార్ అని ఆయన నవ్వుతూ రసీదు ఇచ్చాడు.

మామ మదనపల్లెలోనే నల్లకోటు కుట్టించుకున్నాడు. అత్త ఆవును పక్కింటామెకు అప్పగించి, ముగ్గురికీ దారిబత్తెంగా సంగటి ముద్దలు కట్టింది. కుప్పం స్టేషన్లో రైలు కోసం నిలబడినప్పుడు ఆమె ప్లాట్‌ఫారం మీద ఒక స్తంభం పక్కకు పోయి నిలుచుంది. "ఆ పొద్దుగూడా ఈడనే నిల్చుకోనుంటి" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. మామ రైలొచ్చే వైపు తొంగిచూశాడు.

చెన్నై రేవులో సంచులు మిషన్లోకి పంపితే, మా సంచి దగ్గర బెల్టు ఆగిపోయింది. తెర మీద మూడు నల్లటి గుండ్లు కనిపించాయి. ముగ్గురు సెక్యూరిటీ వాళ్ళు మమ్మల్ని చుట్టుముట్టారు. అత్త మూట విప్పి, "సంగటప్పా, తిని సూడు" అని ఒక ముద్ద చేతికిచ్చింది. వాళ్ళలో పెద్దాయన వాసన చూసి, "కళియా?" అన్నాడు. అరవంలో సంగటిని కళి అంటారు. మా బాంబులు అంతటితో రాగిపిండి అయిపోయాయి. అయినా బయటి తిండి లోపలికి పోకూడదని ముద్దలు అక్కడే పెట్టించారు. ఓడలో నలభై రకాలు దొరుకుతాయన్నారు. సంగటి దొరకదు కదా అని అత్త పేచీ పెట్టుకుంది.

ఓడ ఎక్కాక మామకు కష్టాలు మొదలయ్యాయి. రంగు కాగితాలు విసరడానికి ఒడ్డున మనిషి లేడు. ఎక్కినవాళ్ళందరూ వీపు సముద్రం వైపు తిప్పి సెల్ఫీలు తీసుకుంటున్నారు. వరస కుర్చీలు, దుప్పట్లు చూపిస్తానని అత్తను పైకి తీసుకుపోతే, అక్కడ స్పీకర్లు పెట్టి కృత్రిమ వాన కురిపిస్తున్నారు. ఆ వానలో బెంగళూరు కంపెనీ వాళ్ళు, అందరూ ఒకే రంగు టీషర్టుల్లో, గెంతుతున్నారు. మేము మూడేళ్ళుగా వాన కోసం మొక్కుకుంటుంటే ఇక్కడ డబ్బిచ్చి తడుస్తున్నారని నాకు ఒళ్ళు మండింది. ఇంకొక పక్క నిలువుగోడకు తాళ్ళు కట్టి మనుషుల్ని ఎక్కిస్తున్నారు.

"ఎక్కి ఏం చేస్తారప్పా?" అని అత్త అడిగింది.

"దిగుతారత్తా" అన్నాను.

"దానికి హార్సిలీ కొండ సాలదా?" అని, ఆమె మామ వైపు తిరిగింది. "యాడ నీ కుర్చీలు?"

మామ ఆమెను మెట్ల వైపు తిప్పాడు. రాత్రి భోజనంలో చూడు అన్నాడు.

రాత్రి ఆయన నల్లకోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని వచ్చాడు. హాల్లో వందల మంది. అందరివీ సగం లాగులే. కోటు వేసుకున్నది మా మామ ఒక్కడే. మేము కూర్చునేలోగానే ఒకాయన వచ్చి తన రూములో ఏసీ పనిచేయడం లేదని ఇంగ్లీషులో ఫిర్యాదు చేశాడు. ఇంకొకామె నిమ్మకాయ సోడా తెమ్మంది. మామకు మనుషులంటే మర్యాద. సోడా ఎక్కడుందో వెతికి తెచ్చి ఇచ్చాడు. ఏసీ ఆయన వెంట నాలుగు అంతస్తులు పోయి, రూములోకి తొంగిచూసి, చల్లగానే ఉందని నచ్చజెప్పి వచ్చాడు. వచ్చేసరికి ఆయన కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఎవరి కుర్చీ వాళ్ళదన్న మాట అక్కడ ఎవరికీ తెలియదు. కెప్టెన్ ఎక్కడని నేను అడిగితే గోడ మీది టీవీ చూపించారు. అందులో ఆయన నవ్వుతున్నాడు.

"ఈడగూడా నిన్ను పనోడనే అనుకుంటాండారు" అంది అత్త. "ఓడంటే ఇట్లుంటాదా? నువ్వు సెప్పింది ఒగటన్నా ఉండాదా ఈడ?"

మామ ముఖం చూడలేకపోయాను. పాపం, ఆయన ఆ రాత్రి పెరుగన్నం కూడా సరిగ్గా తినలేదు. ఓడలు మారిపోయాయత్తా, మన ఊరి బస్సుల్లో ఒకప్పుడు కోళ్ళు ఎక్కేవి, ఇప్పుడు ఎక్కుతున్నాయా అని నేను వాదించాను. కోళ్ళ గురించి ఆమెకు అనుమానం లేదు. నా మాట చెల్లలేదు.

రెండో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఇప్పటి ఓడలు ఊగవు సార్ అని టికెట్లు అమ్మినాయన చెప్పాడు కానీ, ఆ సంగతి సముద్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు. భోజనాల హాలు ఒక పక్కకు ఒరిగింది. నున్నటి బల్లల మీద పళ్ళేలు జరగడం మొదలుపెట్టాయి. ఎవరిదో పన్నీరు కూర పక్క బల్లకు కాపురానికి పోయింది. ఒకాయన తన బిర్యానీ వెంట పడుతూనే దాన్ని ఫోన్లో వీడియో తీస్తున్నాడు. నేను రెండు చేతులా బల్ల పట్టుకుని వెంకటేశ్వరస్వామిని తలుచుకున్నాను.

మామ ఒక్కడే తొణకలేదు. భుజం మీది తువ్వాలు తీసి, సీసాలోని నీళ్ళు పోసి, పిండి, బల్ల మీద పరిచాడు. మా మూడు పళ్ళేలూ దాని మీద పెట్టాడు. తర్వాత లేచి, కాళ్ళు ఎడంగా వేసి, మోకాళ్ళు కొంచెం వంచి, ఏ కమ్మీ పట్టుకోకుండా, ఒరిగే నేల మీద హాలు ఆ చివరకు పోయాడు. మూడు గిన్నెల రసం తెచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పొలం గట్టు మీద నడవాలంటే కర్ర అడిగేవాడు.

ఓడ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. చుట్టూ పళ్ళేలు పడుతున్నాయి. మావి కదల్లేదు. అత్త తన పళ్ళెం వైపే చూస్తోంది. వేలితో తువ్వాలు అంచు ఒకసారి తాకింది. పక్క బల్లల వాళ్ళు మమ్మల్ని చూసి చేతిరుమాళ్ళు తడుపుతున్నారు. టీషర్టు విప్పి తడిపినవాడు కూడా ఉన్నాడు. ఇది ఇట్లానే పరచాలా సార్ అని వాళ్ళు మామను అడుగుతున్నారు. కోటు ఉంది కదా, చెప్పకపోతే బాగుండదని ఆయన చెప్తున్నాడు. ఆయన వచ్చి కూర్చునేసరికి అత్త ఏడుస్తోంది.

"యాల మే? వాంతొస్తాందా?"

"అప్పుడు నిజంగానే ఓడలోనే ఉంటివి" అంది.

"సెప్తానే ఉండాను గద, నలభై ఏండ్లుగా."

"మద్రాసులో ఇంగో సంసారం పెట్టినావనుకొంటి."

మామ నోటి దగ్గరికి పోయిన ముద్ద అక్కడే ఆగిపోయింది. ఆయన నిజంగా ఎరగడు. తనను అబద్ధాలకోరు అంటున్నారనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ముద్ద పళ్ళెంలో పెట్టేసి, "ఉర్లగడ్డలు ఒలిసేవానికి రెండో పిల్లనెవురిస్తారు మే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇన్నేండ్లు యాల అడగలే నన్ను?" అన్నాడు.

"అడిగితే నువ్వు అవునంటే, నేనేం సేద్దును?"

నేను రసం గిన్నెలోకి తలవంచాను. నాకూ కళ్ళు నిండాయి. సరిగ్గా అప్పుడే ఒకామె వచ్చి, తన పళ్ళెం కూడా జారకుండా చూడమని మామ కోటు పట్టుకుని లాగింది. ఆయన లేవబోతే అత్త ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆయప్ప పనోడు కాదమ్మా. తినేది సూడు, మా ఇంటాయన" అంది. ఆమెకు తెలుగు రాదు, అయినా వెళ్ళిపోయింది.

మూడో రోజు ఓడ మమ్మల్ని ఎక్కిన చోటే దింపింది. మరునాడు రైల్లో కుప్పం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ప్లాట్‌ఫారం మీద టిఫిను బండి దగ్గర ఇడ్లీలు తీసుకుని ఒక సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. మామ అలవాటు కొద్దీ తువ్వాలు తీశాడు. నలుగురూ చూస్తున్నారని తోచిందేమో, మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

అత్త ఆ తువ్వాలు లాక్కుంది. పారేస్తుందనుకున్నాను. కొళాయి దగ్గరికి పోయి, తడిపి, నీళ్ళు కారకుండా గట్టిగా పిండి తెచ్చింది. బెంచీ మీద పరిచి, ముడతలు సరిచేసి, మామ ఇడ్లీల పళ్ళెం దాని నడుమ పెట్టింది.

"అత్తా, ఇది కుప్పం" అన్నాను. "ఈడ నేల కదల్దు."

"మీ మామకు కదిలింది గదప్పా" అంది, "ఎనిమిదేండ్లు."